ఇంట్లో సీఎన్‌సీ మిల్లు: కోనసీమ కుర్రాళ్ల హునరు, ఆయుధాల చట్టం గీసిన గీత

సీఎన్‌సీ అంటే ఒకప్పుడు బాలానగర్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పెద్ద కార్ఖానాల మాట. ఇప్పుడలా లేదు. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంటే చాలు. డిప్లొమా చదివిన కుర్రాడు మోటార్లు, స్క్రూలు, గైడ్ పట్టాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని చిన్న మిల్లింగ్ మెషీన్ తనే కట్టుకోవచ్చు. కువైట్‌లోనో, ఖతర్‌లోనో వర్క్‌షాపులో పదేళ్లు చేసి తిరిగొచ్చినవాళ్లకైతే ఇది ఇంటిపట్టున దొరికే రోజీ కూడా.

చిక్కల్లా నేర్చుకునే దారిలో ఉంది. ఈ పని నేర్పే వీడియోలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, అమెరికా నుంచి వస్తాయి. అక్కడ ఇదే మెషీన్ మీద తుపాకీ భాగాలు కోసుకోవడం కొందరికి హాబీ. దానికి గన్‌స్మితింగ్ అని పేరు. మొదటి వీడియోలో అల్యూమినియం దిమ్మ నున్నగా చేయడం చూపిస్తారు, రెండోదాంట్లో గేరు, మూడోదాంట్లో తుపాకీ ముక్క. కొలతలు చూసి, యంత్రం నడక చూసి మురిసిపోయే పదిహేడేళ్ల కుర్రాడికి ఆ మూడింటిలో తేడా కనిపించదు. లోహపు ముక్కే కదా అనుకుంటాడు. మన దేశంలో ఆ మూడో ముక్కకు కనీసం ఏడేళ్ల జైలు ఉంది. అది యావజ్జీవం దాకా పోవచ్చు.

కాబట్టి మెషీన్ గురించీ, చట్టం గురించీ రెండూ కలిపి తెలుసుకోవడమే మంచిది. ఒకటి తెలిసి ఇంకొకటి తెలియకపోవడం వల్లే ప్రమాదం.

మెషీన్ ఎలా పనిచేస్తుంది

లేత్ షాపులో జాబు తిరుగుతుంది, టూలు నిలబడి ఉంటుంది. మిల్లింగ్‌లో దానికి తిరకాసు: టూలు తిరుగుతుంది, జాబును బెడ్ మీద వైస్‌తో బిగించి కదుపుతారు. కుడిఎడమలకు ఎక్స్, ముందువెనకలకు వై, పైకీకిందకీ జెడ్. పాత మిల్లింగ్ మెషీన్‌లో ఈ మూడు చక్రాలనూ మనిషి చేత్తో తిప్పాలి. సీఎన్‌సీలో ఆ చక్రాల స్థానంలో మోటార్లు ఉంటాయి, ఎంత తిరగాలో కంప్యూటర్ చెబుతుంది. హెలికాప్టర్ రెక్కల ఆకారాన్ని కచ్చితంగా కోయలేక తంటాలు పడిన జాన్ పార్సన్స్ అనే అమెరికన్ ఆలోచన నుంచి ఇది పుట్టింది. 1952లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీ వాళ్లు ఒక మిల్లింగ్ మెషీన్‌ను ఇలా నడిపి చూపించారు. అప్పట్లో దాని కంట్రోలు ఒక గదికి సరిపడా ఉండేది. ఇప్పుడు అరచేతిలో పట్టే బోర్డు ఆ పని చేస్తుంది.

ఆ బోర్డుకు ఇచ్చే ఆజ్ఞల భాషను జీ-కోడ్ అంటారు. ‘ఫలానా వేగంతో ఫలానా చోటికి నేరుగా వెళ్లు’, ‘ఇక్కడి నుంచి గుండ్రంగా తిరుగు’ లాంటి చిన్న చిన్న వరసలు. బొమ్మను కంప్యూటర్‌లో గీసి, ఏ టూలుతో ఎంత లోతు కోయాలో చెబితే సాఫ్ట్‌వేరే జీ-కోడ్ రాసిపెడుతుంది. ఇంటి మెషీన్లలో ఎక్కువమంది వాడే జీఆర్‌బీఎల్, లైనక్స్‌సీఎన్‌సీ లాంటి కంట్రోల్ ప్రోగ్రాములు ఉచితమే.

మోటారు సంగతి కొంచెం లెక్కతో చూస్తే బాగా అర్థమవుతుంది. ఇంటి మెషీన్లలో వాడే స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది. డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగును మళ్లీ 8 ముక్కలు చేస్తే చుట్టుకు 1600. స్క్రూ ఒక చుట్టు తిరిగితే బెడ్ 5 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుంటే, మిల్లీమీటరుకు 320 అడుగులు. అంటే ఒక్క అడుగుకు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, ఆ లెక్క కాగితం మీదిదే. అసలు కచ్చితత్వాన్ని పాడుచేసేవి రెండు. ఒకటి స్క్రూకూ నట్టుకూ మధ్య ఉండే లూజు. కుడికి పోయి వెనక్కి తిరిగేటప్పుడు మోటారు కాస్త ఖాళీగా తిరిగాకే బెడ్ కదులుతుంది. మామూలు స్క్రూ బదులు బాల్ స్క్రూ వేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. రెండోది ఫ్రేము వంగడం. ఇక్కడే ఇంటి మెషీన్లు ఎక్కువగా దెబ్బతింటాయి. టూలు లోహంలోకి దిగినప్పుడు లోహం దాన్ని వెనక్కి తోస్తుంది. ఫ్రేము సన్నగా ఉంటే వణుకుతుంది. కోసిన చోట అలలు అలలుగా గీతలు పడతాయి, కొలత తప్పుతుంది, టూలు విరుగుతుంది. ఫ్యాక్టరీ మెషీన్లను టన్నుల కొద్దీ పోత ఇనుముతో చేసేది ఇందుకే.

పాతిక వేలకు అటూ ఇటూగా దొరికే చిన్న అల్యూమినియం ఫ్రేము మెషీన్‌ను నిజానికి మిల్లు అనకూడదు. అది రూటర్. చెక్క, ప్లాస్టిక్, యాక్రిలిక్, పల్చటి ఇత్తడి మీద చక్కగా పనిచేస్తుంది. అల్యూమినియం కోయాలంటే ఓపిక కావాలి. ఉక్కు జోలికి పోకూడదు. కారణం వేగంలో ఉంది. 6 మిల్లీమీటర్ల కార్బైడ్ టూలుతో అల్యూమినియాన్ని నిమిషానికి 150 మీటర్ల కోత వేగంతో కోయాలంటే స్పిండిల్ నిమిషానికి దాదాపు 8000 చుట్లు తిరగాలి. రెండు పళ్ల టూలు, పంటికి 0.03 మిల్లీమీటర్ల కోత అనుకుంటే బెడ్ నిమిషానికి 480 మిల్లీమీటర్లు జరగాలి. ఇది రూటర్ స్పిండిల్‌కు నప్పే పని. అదే మెత్తటి ఉక్కును 10 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీల్ టూలుతో కోయాలంటే వెయ్యి చుట్లు కూడా అక్కర్లేదు, కానీ బలం బాగా కావాలి. రూటర్ స్పిండిల్‌కు వేగం ఉంటుంది, ఆ బలం ఉండదు.

గట్టి మిల్లు కావాలనుకునేవాళ్లకు రెండు దారులు. పాత కార్ఖానాలు మూసినప్పుడు అమ్మే చేతి మిల్లింగ్ మెషీన్ కొని, చక్రాలు తీసేసి మోటార్లు బిగించుకోవడం మొదటిది. లారీ బాడుగ, దించే మనుషుల ఖర్చు కలిపినా ఇదే మేలని అనుభవం ఉన్న మెకానిక్కులు అంటారు, ఎందుకంటే పోత ఇనుప ఒళ్లు ఉచితంగా వచ్చినట్టే. రెండోది మందపాటి చదరపు ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి, లోపల కాంక్రీటుగానీ, ఎపాక్సీలో కలిపిన గ్రానైట్ రాళ్లపొడిగానీ పోసి ఫ్రేము కట్టుకోవడం. బరువు పెరుగుతుంది, వణుకు తగ్గుతుంది. వెల్డింగ్ వేడికి గొట్టాలు వంకర పోతాయి కాబట్టి పట్టాలు కూర్చునే ముఖాలను ఎక్కడైనా పెద్ద మెషీన్ మీద సాపు చేయించుకోవాలి. డయల్ గేజ్ ఒకటి కొనుక్కోకుండా ఈ పనిలోకి దిగితే డబ్బు గోదాట్లో పోసినట్టే.

కోనసీమలో పెట్టుకునేవాళ్లకు

ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. అంతర్వేది, కాట్రేనికోన వైపైతే ఉప్పు కూడా. బాల్ స్క్రూలు, గైడ్ పట్టాలు వారం రోజులు నూనె లేకుండా వదిలేస్తే తుప్పు మచ్చలు పడతాయి, ఒకసారి మచ్చ పడిన పట్టా మీద బేరింగులు గరగరలాడతాయి. పని అయిపోగానే రజను దులిపి, నూనె గుడ్డతో తుడిచి, కప్పి ఉంచాలి. రజనును గాలి పంపుతో ఊదకూడదు, అది బేరింగుల్లోకి దూరుతుంది. కుంచెతో ఎత్తాలి.

వరద సంగతి లంక ఊళ్లవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గుర్తులు ఇప్పటికీ కనిపించే ఇళ్లున్నాయి. మెషీన్ దిమ్మ ఆ గుర్తు కంటే పైన ఉండాలి. అంత ఎత్తు కుదరదంటే కనీసం కంట్రోల్ బాక్సు, డ్రైవర్లు, పవర్ సప్లై గోడకు పైన బిగించి, గంటలో ఊడదీసి మోసుకుపోయేలా కనెక్టర్లు పెట్టుకోవాలి. పోత ఇనుము మునిగినా తుడుచుకుంటే బతుకుతుంది, బోర్డు మునిగితే పారేయడమే.

కరెంటు మధ్యలో పోతే మెషీన్ తను ఎక్కడుందో మరిచిపోతుంది. మూడు వైపులా హోమింగ్ స్విచ్చులు ఉంటే మళ్లీ మొదటి చోటుకు వెళ్లి లెక్క సరిచేసుకుంటుంది. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో స్పిండిల్ డ్రైవ్ పెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే. ఎర్తు లీకేజీకి పడిపోయే బ్రేకరు తప్పనిసరి.

ఇక జాగ్రత్తలు. తిరిగే టూలు దగ్గర చేతి గ్లవుజులు వేసుకోకూడదు, గుడ్డ చిక్కుకుంటే చెయ్యి కూడా లోపలికి పోతుంది. లాల్చీ చేతులు, దుపట్టా, మెడలో తువ్వాలు, ఇవన్నీ షెడ్డు బయటే. కళ్లద్దాలు మాత్రం ఒక్క నిమిషం పనికైనా పెట్టుకోవాలి. ఎర్రటి స్టాప్ బటన్ చేతికందే చోట ఉండాలి, అదేంటో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పిల్లలు ఆడుకునే వరండాలో మెషీన్ పెట్టనే కూడదు.

చట్టం ఏమంటోంది

ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో సెక్షన్ 2 నిర్వచనాలు చెబుతుంది. అక్కడ ‘ఫైర్ ఆర్మ్’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో పూర్తి తుపాకీ ఒక్కటే లేదు. దాని భాగాలు, శబ్దాన్నీ మంటనూ తగ్గించే పరికరాలు, చివరికి తుపాకులు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. ‘పూర్తి తుపాకీ చేయలేదు కదా, ఒక ముక్కే కదా’ అనే వాదన ఈ ఒక్క వాక్యంతోనే పోతుంది. కొబ్బరి చెక్క మీద పేర్లు చెక్కే మామూలు సీఎన్‌సీ మెషీన్‌కు ఏ ఆయుధ లైసెన్సూ అక్కర్లేదు. అదే మెషీన్ బెడ్ మీద తుపాకీ ముక్క దొరికితే మెషీన్, కంప్యూటర్, ఫోన్ అన్నీ కేసులో భాగమవుతాయి.

సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయకూడదు, అమ్మకూడదు, మార్పులు చేయకూడదు, మరమ్మతు చేయకూడదు, పరీక్షించకూడదు. ఇందులో ‘మరమ్మతు’ అన్న మాట లేత్ షాపులవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. సెక్షన్ 6 ఇంకో రెండు పనులు ఆపుతుంది: గొట్టం పొట్టిగా కోయడం, నకిలీ తుపాకీని నిజమైనదిగా మార్చడం.

శిక్షలు సెక్షన్ 25లో ఉన్నాయి. లైసెన్సు లేకుండా తయారీకి, మరమ్మతుకు పాత చట్టంలో మూడేళ్ల నుంచి ఏడేళ్లు ఉండేది. 2019 డిసెంబర్‌లో పార్లమెంటు దీన్ని సవరించింది. ఇప్పుడు ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా, దాంతోపాటు జరిమానా. మామూలు తుపాకీ లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటేనే రెండేళ్ల నుంచి అయిదేళ్లు. సైన్యం వాడే తరహా నిషిద్ధ ఆయుధాలకు ఇంకా ఎక్కువ. ‘హాబీ కోసం’, ‘నేర్చుకోవడానికి’, ‘ఎవరికీ అమ్మలేదు’ అన్న మాటలకు ఈ చట్టంలో మినహాయింపు ఎక్కడా లేదు.

ఎయిర్‌గన్ విషయంలో చాలామంది పొరపడతారు. 2016 ఆయుధ నియమాలు ఇక్కడ ఒక గీత గీశాయి. 20 జౌళ్ల శక్తి దాటినా, గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 దాటినా లైసెన్సు కావాలి. ఆ గీత లోపల ఉన్నదాన్ని షాపులో కొనుక్కోవడంలో ఉన్న సడలింపును, ఇంట్లో తయారుచేసుకోవడానికి అనుమతిగా చదువుకోకూడదు. బొమ్మల సంగతికొస్తే, బొమ్మగా తప్ప ఇంకెలా వాడలేనివి, నిజమైన ఆయుధంగా మార్చడానికి వీలుకానివి మాత్రమే చట్టం బయట ఉంటాయి. లోహంతో, నిజమైన కొలతలతో చేసిన ‘షోపీసు’ ఆ మాట కిందికి వస్తుందో రాదో కోర్టులో తేల్చుకోవాల్సిన గతి ఎందుకు తెచ్చుకోవాలి?

షాపు పెట్టాక వచ్చే అసలు పరీక్ష వీడియోల నుంచి రాదు. తెలిసిన మనిషి రూపంలో వస్తుంది. ఊళ్లో పెద్దాయన ఒకరు గుడ్డలో చుట్టి చిన్న పిన్ను తెచ్చి, “బాబూ, ఇది మా మామగారి గన్నుదిలే. లైసెన్సు ఉంది. అరిగిపోయింది, ఇలాంటిదే ఒకటి కోసిపెట్టు, ఎంతైనా ఇస్తాను” అంటారు. ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ ఆ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి ఆయనకిచ్చింది. కోసిపెట్టే కుర్రాడికి మరమ్మతు లైసెన్సు లేదు. “ఆయ్, ఇది మేం ముట్టుకోకూడదండి బాబాయ్ గారూ, లైసెన్సున్న తుపాకుల షాపుకే తీసుకెళ్లండి” అని అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి. తీసుకుని తర్వాత చూద్దామని సొరుగులో పెట్టడం కూడా వద్దు. ఏమిటో చెప్పకుండా కొలతల కాగితం ఒక్కటే ఇచ్చి లోహపు ముక్క చేయమనేవాళ్లు కూడా ఉంటారు. ఇది ఏ మెషీన్‌లో బిగుస్తుందో అడగడం షాపువాడి హక్కు. జవాబు సరిగా రాకపోతే ఆ పని వదిలేయడమే. ప్రతి జాబుకూ పేరు, ఫోన్ నంబరు, దేనికోసమో రాసి ఉంచే పుస్తకం ఒకటి పెట్టుకుంటే జీఎస్టీ కంటే ముందు అదే అక్కరకొస్తుంది.

ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆలోచించాల్సిన ఇంకో విషయం పాస్‌పోర్టు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు చట్టం 1967లోని సెక్షన్ 6 కింద పాస్‌పోర్టు నిరాకరించే అధికారం ఉంది. ప్రయాణం చేయాలంటే కోర్టు అనుమతి కావాలి. గల్ఫ్ సంపాదన మీద నిలబడ్డ ఇళ్లున్న ప్రాంతంలో, తీర్పు రాకముందే పడే శిక్ష ఇది. పైగా ఆయుధాల కేసు అనగానే మన ఇళ్ల పేర్లు పేపర్లో ఎలా వస్తాయో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో తుపాకీ డిజైన్ ఫైళ్లు దాచుకోవడం, గ్రూపుల్లో పంపడం వల్ల ఒరిగేదేం లేదు. దర్యాప్తు మొదలైతే ముందు తెరిచేది ఫోనే.

అమెరికాలో ఎలా కుదురుతోంది

అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, తుపాకీ కలిగి ఉండటానికి అనర్హుడు కాని వ్యక్తి తన సొంతానికి, అమ్మే ఉద్దేశం లేకుండా, ఇంట్లో తుపాకీ చేసుకోవచ్చు. ఆ దేశపు చరిత్ర, రాజ్యాంగం వేరు. 2013లో 3డీ ప్రింటర్‌తో చేసిన ప్లాస్టిక్ పిస్తోలు డిజైన్ బయటికొచ్చింది. 2014 నుంచి ప్రత్యేకంగా ఈ పనికే చిన్న సీఎన్‌సీ మెషీన్లు అమ్మకానికొచ్చాయి. నంబరు లేని ఇలాంటి తుపాకులకు అక్కడివాళ్లు దెయ్యం తుపాకులని పేరు పెట్టారు. నేరాల్లో ఇవి దొరకడం ఎక్కువై, సగం చేసి అమ్మే కిట్లకు కూడా సీరియల్ నంబరు, కొనేవాళ్ల తనిఖీ ఉండాలని 2022లో ఫెడరల్ ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో దాన్ని సమర్థించింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో సొంత చట్టాలు ఇంకా గట్టివి. ఆ రాష్ట్రాల్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, ‘అమెరికాలో అన్నీ చెల్లుతాయి’ అన్నది అక్కడికి వెళ్లిన పిల్లల విషయంలో కూడా నిజం కాదు. అక్కడి బంధువు సరదాగా పంపే విడిభాగం ఇక్కడికి రావాలన్నా దిగుమతి లైసెన్సు కావాలి. మన చట్టంలో సెక్షన్ 10 దానికోసమే ఉంది. జపాన్‌లో 3డీ ప్రింటర్‌తో తుపాకులు చేసిన ఒక వ్యక్తికి 2014లో రెండేళ్ల జైలుశిక్ష పడింది. గల్ఫ్ దేశాల్లో లైసెన్సు లేని ఆయుధం మాట ఎత్తకపోవడమే మంచిది.

అయితే తుపాకులు ఎవరు చేస్తున్నారు

ఈ ప్రశ్నకు జవాబు తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్ అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోటు అసలు పేరు తోప్ కా సాంచా. రెండో ఆసఫ్ జా నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో అక్కడ ఫిరంగుల పోత కార్ఖానా పెట్టించాడు. జనం ఆయన్ని మూసా రాముడనీ, మూసా రహీం అనీ పిలుచుకున్నారు, మూసారాంబాగ్ పేరు అలా మిగిలింది. ఫిరంగి పోయడం అప్పుడూ సర్కారు అనుమతితో జరిగే పనే.

ఇప్పటి సంగతి ఇంకా దగ్గరిది. హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ అసలు సీఎన్‌సీ మెషీన్లు తయారుచేసే కంపెనీ. డీఆర్‌డీఓ పుణె ప్రయోగశాల, మహూలోని సైన్యం ఇన్‌ఫంట్రీ స్కూలు కలిసి నాలుగు నెలల్లో రూపొందించిన ‘అస్మి’ అనే 9 మిల్లీమీటర్ల మెషీన్ పిస్తోలును 2021 జనవరిలో ప్రకటించారు. దాన్ని తయారుచేసే లైసెన్సు ఈ కంపెనీకి దక్కింది. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ కోసం 550 అస్మిలు తీసుకుంది. అబుధాబీ సంస్థ కారకాల్‌తో కలిసి ఐకామ్ కంపెనీ 2025లో హైదరాబాద్‌లోనే చిన్న ఆయుధాల కార్ఖానా తెరిచింది. అంతకు చాలాముందు నుంచే ఎద్దుమైలారంలో మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి యుద్ధ వాహనాలు చేస్తోంది. వీటిలో పనిచేసేది ఐటీఐ మెషినిస్టులు, టర్నర్లు, టూల్ డిజైన్ డిప్లొమా పిల్లలే. తుపాకీ యంత్రాంగం మీద నిజంగా ఆసక్తి ఉన్న కుర్రాడికి ఇంటి షెడ్డు కంటే ఈ దారి చాలా పెద్దది, రాత్రిళ్లు నిద్ర కూడా పడుతుంది. ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడు రెండేళ్లు. పదో తరగతి తర్వాత డిప్లొమాకు కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ దగ్గరిలోనే ఉంది. బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో సీఎన్‌సీ ప్రోగ్రామింగు మీద చిన్న కోర్సులు కూడా ఉంటాయి.

ఇంటి మెషీన్‌కు పని దొరుకుతుందా

దొరుకుతుంది, అదీ ఊళ్లోనే. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లకు కప్లింగులు, బుష్‌లు ఊరికే అరుగుతాయి. భీమవరం దాకా వెళ్లి తెచ్చుకునేలోపు చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, కాబట్టి రాత్రికి రాత్రి చేసిచ్చేవాడికి అడిగినంత ఇస్తారు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు యంత్రాల్లో, నూనె మిల్లుల్లో కొత్తవి దొరకని పాత భాగాలుంటాయి. బండారులంక, పుల్లేటికుర్రు మగ్గాలకు చెక్క సామాను కావాలి. చెక్క మీద ఆయత్‌ల పలకలు, ఇంటి పేరు బోర్డులు, ఇత్తడి నేమ్‌ప్లేట్లు చిన్న రూటర్ మీదే అయిపోతాయి. వీటితో మొదలుపెట్టి, వచ్చిన డబ్బుతో గట్టి మెషీన్‌కు వెళ్లడం నయం.

సొంత డబ్బు చాలనివాళ్లకు కేంద్ర ప్రభుత్వ పీఎంఈజీపీ పథకం ఉంది. తయారీ యూనిట్లకు ప్రాజెక్టు పరిమితిని 2022లో 50 లక్షలకు పెంచారు. మైనారిటీలు ఇందులో ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు: సొంత వాటా 5 శాతం, పల్లెల్లో సబ్సిడీ 35 శాతం, పట్టణాల్లో 25 శాతం. మిగతాది బ్యాంకు రుణం, దానికి వడ్డీ ఉంటుంది. ఆ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. సబ్సిడీ సొమ్మును మూడేళ్ల పాటు బ్యాంకులోనే ఉంచి ఆ తర్వాత రుణంలో జమచేస్తారు, చేతికివ్వరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. దాన్ని చేసిపెడతామని డబ్బడిగే దళారులకు ఇవ్వాల్సిన పనిలేదు. దరఖాస్తులో మెషీన్ దేనికి వాడతారో రాయాల్సి ఉంటుంది. ఏరేటర్ భాగాలు, కొబ్బరి యంత్రాల భాగాలు, చెక్క పని అని వివరంగా రాస్తే బ్యాంకు మేనేజరు తొందరగా అర్థం చేసుకుంటాడు. రేపు ఎవరైనా షెడ్డు తలుపు తట్టి అడిగినా చూపించడానికి ఆ కాగితం ఉంటుంది.